సమస్యాపూరణం: "నిద్ర డిస్టర్బు చేయుటే నీతి యయ్యె"

ఇచ్చిన పాదం చివర వచ్చేలా పద్యం పూర్తి చేయాలి, అదే పూరణ. ఛందస్సు తేటగీతి (పాదానికి వరుసగా ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు). పూరణతో పాటు, డిస్టర్బ్ అనే ఇంగ్లీషు క్రియతో అదే సందర్భానికి సరిపోయే వాక్యం ఒకటి జతచేయాలి.

గణాలు చూసుకోండి. "డిస్టర్బు"లో డి, స్ట రెండూ గురువులు, బు లఘువు. అంటే తగణం, ఇంద్రగణం. ఒకే గణంగా వేస్తే తేటగీతిలో 2 లేదా 3వ చోటే కుదురుతుంది. 1, 4, 5 సూర్యగణాలు కనుక అక్కడ ఇమడదు. చివరి ఉకారం వదిలి "డిస్టర్బ్" అని రాస్తే లఘువు పోయి గణం తప్పుతుంది.

మొదటి పూరణ

గ్యాసు వాసన యిల్లెల్ల కమ్ముకొనగ
తలుపు తట్టుచు పొరుగింటి తల్లి యరచె
స్విచ్చు వేయక లెండంచు వేగిరముగ
నిద్ర డిస్టర్బు చేయుటే నీతి యయ్యె

వాక్యం: షీ డిస్టర్బ్డ్ టు అస్ అట్ మిడ్‌నైట్.

విమర్శ: భావం చక్కగా ఉంది. కాలింగ్ బెల్ నొక్కించకుండా తలుపు తట్టించడం మెచ్చదగ్గది. బెల్లు స్విచ్చులో పుట్టే నిప్పురవ్వ కూడా పేరుకున్న గ్యాసును అంటించగలదు. మూడో పాదంలో "స్వి"లోని వకారానికి "వే"తో యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం పొసగడం) సరిపోయింది.

"కమ్ముకొనగ", "తట్టుచు" రెండూ ద్రుతాంతాలు (చివర నకారం చేరే మాటలు). తర్వాతి పరుషం (క, చ, ట, త, ప) సరళం (గ, జ, డ, ద, బ) కావాలి: "కమ్ముకొనఁగఁ / దలుపు తట్టుచుఁ బొరుగింటి". త, ద ఒకే వర్గం, యతికి భంగం లేదు.

వాక్యంలో "టు" తీసేయండి. "మాకు ఇబ్బంది కలిగించింది" అనే తెలుగులోని "కు" ఇంగ్లీషులోకి జారిపోయింది. డిస్టర్బ్ సకర్మకం, కర్మ నేరుగా దాని పక్కనే నిలుస్తుంది: షీ డిస్టర్బ్డ్ అస్. ఆమె మాటగా రాస్తే ఇంకా సహజం: సారీ టు డిస్టర్బ్ యు, బట్ ఐ కెన్ స్మెల్ గ్యాస్. ఇక్కడి "టు" వేరు, అది క్రియకు ముందుండేది.

ప్రశ్న: "నేను డిస్టర్బ్ అయ్యాను" అంటాం కదా, "ఐ డిస్టర్బ్డ్" అనవచ్చా?

జవాబు: కుదరదు. ఎవరిని అన్నది లేకుండా వాక్యం తెగిపోతుంది. "ఐ వాజ్ డిస్టర్బ్డ్" అనాలి. అయితే దానికి "మనసు కలత చెందింది" అనే అర్థమూ ఉంది. చదువు మధ్యలో ఆగిందని చెప్పాలంటే "ద నాయిజ్ డిస్టర్బ్డ్ మి" నయం. కర్మ లేకుండా నడిచేది హోటల్ గది తలుపుకు వేలాడే "డు నాట్ డిస్టర్బ్" లాంటి పలకల మీద.

రెండో పూరణ

కోటఁ జుట్టిన కపిసేన కూత లిడఁగ
శంఖ భేరీల గజముల చరణహతులఁ
గుంభకర్ణుని లేపిరి రాక్షసులును
నిద్ర డిస్టర్బు చేయుటే నీతి యయ్యె

వాక్యం: డోంట్ డిస్టర్బింగ్ మై స్లీప్!

విమర్శ: "నీతి"ని రాజనీతిగా మలచడం ఈ పూరణకు ప్రాణం. ధర్మం ఎటున్నా, లంకకు అది అవసరమైన రాజకార్యం. సమస్యలోని వైరుధ్యం ఒక్క మాటతో విడిపోయింది.

మూడో పాదంలో యతి తప్పింది, "గు"కు "రా" చెల్లదు. "గుంభకర్ణుని లేపిరి కొలువువారు" అంటే గు, కొ కలుస్తాయి, గణాలూ చెడవు.

"డోంట్" తర్వాత ఇంగ్ రూపం రాదు: డోంట్ డిస్టర్బ్ మై స్లీప్. ఈ ఘట్టం మరో తేడాను కూడా పట్టిస్తుంది. డిస్టర్బ్ అంటే కలత పెట్టడం, మెలకువ వచ్చి తీరాలని లేదు. పక్కకు ఒత్తిగిలి మళ్ళీ నిద్రపోయినా ఆ క్రియ చెల్లుతుంది. కళ్ళు తెరిపించడం వేక్ అప్. వాల్మీకి యుద్ధకాండలో వాద్యాల మోతకు లేవని కుంభకర్ణుడు వెయ్యి ఏనుగులు ఒంటిమీద నడిస్తే లేచాడు. కనుక శంఖాలకు డిస్టర్బ్, ఏనుగులకు వేక్ అప్ వాడాలి.

మూడో పూరణ

రేయి డిస్టర్బెన్సు వీథి రేపు మూక
తలుపు తాళము పగులంగఁ దన్నుచుండఁ
గాపలాదారు కేకలు గట్టిగ నిడె
నిద్ర డిస్టర్బు చేయుటే నీతి యయ్యె

వాక్యం: ద వాచ్‌మన్ గేవ్ డిస్టర్బెన్స్ టు ద థీవ్స్.

విమర్శ: మొదటి పాదం రెండో గణం "డిస్టర్బెన్" మూడు గురువులు, మగణం. ఇంద్రగణాల్లో అది లేదు. మాటల చోటు మారిస్తే చాలు: "రేయి వీథి డిస్టర్బెన్సు రేపు మూక". ఇప్పుడు "వీథిడి" రగణం, "స్టర్బెన్సు" తగణం. తేటగీతిలో ఈ నామవాచకం పట్టే చోటు ఇదొక్కటే, డి రెండో గణం చివర పడాలి.

"గేవ్ డిస్టర్బెన్స్" ఇంగ్లీషు నుడి కాదు. క్రియనే వాడండి: ద వాచ్‌మన్ డిస్టర్బ్డ్ ద థీవ్స్. దొంగలకు నిద్రాభంగం ఏమిటని సందేహించకండి. చేస్తున్న పని మధ్యలో అడ్డు తగిలితే వదిలి పారిపోయారని చెప్పడానికి ఆ భాషలో సరిగ్గా ఈ క్రియే వాడతారు. ఇళ్ళవాళ్ళ నిద్రకు, దొంగల పనికి ఒకే కేక, ఒకే క్రియ. ఆ శ్లేషను నాలుగో పాదం దాకా లాగగలిగితే మళ్ళీ పంపండి.