పేరు వేస్తే చాలా, ఫొటో వాడే ముందు అడగాలా?

ముంగిస (చర్చ మొదలుపెట్టినది)
నేను మనుషుల ముఖాలు ఫొటోలు తీస్తుంటాను. వృత్తి కాదు, పిచ్చి. వానలో తడుస్తూ పగలబడి నవ్వుతున్న ఒక పెద్దావిడ ఫొటో నా పేజీలో పెట్టాను. మొన్న చూస్తే చాలామంది చూసే ఒక సూక్తుల పేజీలో అదే ఫొటో. దాని మీద అమ్మ గురించి ఏదో రెండు లైన్లు పెద్ద అక్షరాల్లో, కింద మూలన "సేకరణ". మెసేజ్ పెడితే "క్రెడిట్ వేస్తాం లెండి, దీనికింత గొడవా" అన్నారు. నేను అడిగింది క్రెడిట్ కాదు, తీసేయమన్నాను. బ్లాక్ చేశారు. అందుకే ఇక్కడ అడుగుతున్నా. పేరు వేసేస్తే ఇక అనుమతి అక్కర్లేదా? మీలో ఎంతమంది అడిగి వాడతారు?

శ్రీధర్77
ముంగిస గారూ, మీ బాధ అర్థమైంది కానీ ప్రశ్న వేసిన తీరే తప్పు. నేనూ ఒక పేజీ నడుపుతాను (మీరు చెప్పేది నాది కాదు, ముందే చెప్తున్నా). రోజూ పొద్దున్నే పోస్టు పెట్టాలి, బొమ్మ లేకపోతే ఎవరూ ఆగి చదవరు. వాట్సాప్‌లో ఒక ఫొటో వస్తుంది, అప్పటికే అది ఎన్ని గ్రూపులు తిరిగొచ్చిందో తెలీదు, ఎవరు తీశారో దాని మీద ఉండదు. ఎవరిని అడగమంటారు? మీరు వాటర్‌మార్క్ వేశారా? వేయలేదు కదా. పేరు లేని ఫొటోని అందరూ చూసే చోట పెట్టి, ఎవరో తీసుకున్నారని ఏడిస్తే ఎలాగండీ. నేనైతే పేరు తెలిస్తే తప్పకుండా వేస్తాను, తెలియకపోతే "సేకరణ" అంటాను. అంతకంటే నిజాయితీ ఏముంటుంది?

తోకచుక్క
"ఫొటో సౌజన్యం: గూగుల్" అని వేసేవాళ్లకి ఒక దండం. గూగుల్ గారు కెమెరా భుజానేసుకుని ఊళ్లు తిరుగుతున్నారు పాపం.

పాతపుస్తకం
శ్రీధర్ గారూ, వాటర్‌మార్క్ లేకపోయినా హక్కు పోదు. ఫొటో తీసిన క్షణమే తీసినవాళ్లకి కాపీరైట్ వస్తుంది. రిజిస్టర్ చేయించుకోవాల్సిన పని కూడా లేకుండా వస్తుందన్నది కాపీరైట్ మీద దేశాలు కుదుర్చుకున్న బెర్న్ ఒప్పందంలో 1908 నుంచి నిలబడిన సూత్రం, ఇవాళ దాదాపు అన్ని దేశాలూ అందులో ఉన్నాయి. ఇక పేరు వేస్తే చాలా అన్నదానికి అచ్చుగుద్దినట్టు సరిపోయే కేసు ఒకటుంది. జర్మనీలో ఒక బడి విద్యార్థి ప్రెజెంటేషన్ కోసం కోర్డోబా నగరం ఫొటోని ఒక ట్రావెల్ సైట్ నుంచి దించుకుని, ఆ సైట్ పేరు కూడా రాసి పెట్టారు. బడి దాన్ని తన వెబ్‌సైట్‌లో ఎక్కించింది. ఫొటోగ్రాఫర్ నేను ఆ ట్రావెల్ సైట్‌కి మాత్రమే ఇచ్చానని కోర్టుకెళ్లాడు. యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2018లో ఏమందంటే, ఆ ఫొటో అప్పటికే అందరూ ఉచితంగా చూసేలా ఉన్నా, ఇంకో వెబ్‌సైట్‌లో కొత్తగా ఎక్కించాలంటే కొత్తగా అనుమతి తీసుకోవాల్సిందే అని. అంటే బడి, పిల్లలు, లాభం లేదు, సైట్ పేరు కూడా వేశారు, అయినా కుదరదన్నారు.

కలువ
ముంగిస గారూ, ఆ పెద్దావిడ ఎవరు?

శ్రీధర్77
కోర్టులు ఆ దేశాల్లో అలా అంటాయి, కాదనను. ఇక్కడ మనం మాట్లాడుతున్నది మామూలు మనుషుల సంగతి. ఇంకొకటి, మనమంతా ఖాతా తెరిచేటప్పుడు నిబంధనలకి "ఒప్పుకుంటున్నా" అని నొక్కాం. అందులో మీ ఫొటోలు వాడుకోవచ్చు, పంచుకోవచ్చు అనే ఉంటుంది. చదవకుండా నొక్కి ఇప్పుడు గుండెలు బాదుకుంటే? షేర్ బటన్ పెట్టింది దేనికి మరి? వాటర్‌మార్క్ ఎందుకు వేయలేదన్నదానికి కూడా జవాబు రాలేదు.

పాతపుస్తకం
మీరు నొక్కిన ఒప్పుకోలు ఆ కంపెనీకి, మీ పక్కింటాయనకి కాదు. ఈ వాదన పెద్దవాళ్లే కోర్టులో చేసి ఓడిపోయారు. 2010 జనవరిలో హైతీ భూకంపం వచ్చినప్పుడు డేనియల్ మోరెల్ అనే ఫొటోగ్రాఫర్ అక్కడే ఉండి తీసిన ఫొటోలు ట్విట్టర్ ద్వారా పెట్టాడు. ఇంకొకరు వాటిని కాపీ చేసి తమవిగా పెట్టుకున్నారు. ఏఎఫ్‌పీ వార్తాసంస్థ అక్కణ్ణుంచి ఎత్తుకుని తప్పు పేరుతో ప్రపంచమంతా పంపింది, గెట్టీ అనే ఫొటోలు అమ్మే సంస్థ ద్వారా కూడా వెళ్లాయి. ట్విట్టర్ నిబంధనలే మాకు అనుమతి అని ఏఎఫ్‌పీ వాదించింది, జడ్జి ఒప్పుకోలేదు. 2013లో జ్యూరీ 12 లక్షల డాలర్లు కట్టమంది.

షేర్ బటన్ సంగతి వేరే. షేర్ నొక్కితే ఫొటో ముంగిస గారి పేజీలోనే ఉంటుంది, మనం అటువైపు దారి చూపిస్తామంతే. ఆవిడ తీసేస్తే మన దగ్గరా పోతుంది. డౌన్‌లోడ్ చేసి మళ్లీ ఎక్కిస్తే అది ఇంకో కాపీ, ఆవిడ చేతిలో లేదిక. మీరు చేసేది రెండోది.

ముంగిస
ధన్యవాదాలు పాతపుస్తకం గారూ. శ్రీధర్ గారూ, వాటర్‌మార్క్ గురించి అంత పట్టుబడుతున్నారు కాబట్టి చెప్తా. మూలన వేస్తే కత్తిరిస్తారు, మధ్యలో వేస్తే ఆ ముఖం మీద నా పేరు పచ్చబొట్టులా కనిపిస్తుంది, నేను ఫొటో తీసింది అందుకు కాదు. ఇప్పుడైతే ఫోన్‌లో వేలితో రుద్దితే చెరిగిపోతుంది కూడా. ఫైలు లోపల నా పేరు, తేదీ అన్నీ రాసే పెట్టాను. మెసేజింగ్ యాప్‌లూ సోషల్ మీడియా సైట్లూ చాలావరకు ఎక్కించేటప్పుడు ఆ వివరాలు తుడిచేస్తాయి. మీ దగ్గరికి పేరు లేకుండా వచ్చిందంటే దారిలో పోయిందని అర్థం, నేను వేయలేదని కాదు. ఫొటో పెట్టి వెతికితే అసలు ఎక్కడుందో చాలాసార్లు దొరికిపోతుంది. ఆ మాత్రం ఓపిక లేక "సేకరణ" అంటారు.

చింతచెట్టు
అడిగితే ఎవరైనా కాదంటారా అసలు? నేను అడిగినప్పుడల్లా సంతోషంగా ఇచ్చారు.

కీబోర్డుకాకి
2011లో ఇండోనేసియాలో ఒక కోతి ఫొటోగ్రాఫర్ కెమెరాతో సెల్ఫీ తీసుకుంది. ఫొటో కోతిదా మనిషిదా అని అమెరికాలో కేసే నడిచింది. కోతికి కాపీరైట్ దావా వేసే వీల్లేదని 2018లో కోర్టు తేల్చింది. కాబట్టి కోతుల దగ్గర అడగకుండా తీసుకోండి, మనుషుల దగ్గర అడిగి తీసుకోండి. చర్చ సమాప్తం.

శ్రీధర్77
ఓపిక లేక అంటున్నారు. నా పేజీలో నాకు ఒక్క పైసా రాదు తల్లీ. ఉద్యోగం చేసుకుంటూ రాత్రుళ్లు కూర్చుని నాలుగు మంచి మాటలు రాస్తా. నేను రాసిన కవితలు నా పేరు పీకేసి ఎన్ని గ్రూపుల్లో తిరుగుతున్నాయో మీకు తెలుసా? ఒకాయన నా కవితని తన పుట్టినరోజు కార్డు మీద అచ్చేయించుకున్నాడు. నేనేమైనా చర్చలు పెట్టానా? పోనీలే నలుగురూ చదివారని ఊరుకున్నా. మీ ఫొటో వల్ల ఎవరో ఒకరి మనసు తేలికపడితే మీకు పోయేదేంటి? ఒక్క రూపాయి నష్టం చూపించండి.

పాతపుస్తకం
మీరు ఊరుకోవడం మీ ఇష్టం. మీరు ఊరుకున్నారు కాబట్టి ఆవిడా ఊరుకోవాలని లేదు. ఉచితంగా ఇవ్వాలనుకునేవాళ్లకి 2002 నుంచీ క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు ఉన్నాయి. పేరు వేసి వాడుకోండి, వ్యాపారానికి వద్దు, మార్చకండి, లేదా ఏ షరతూ లేదు, ఇలా రకరకాలు. వికీమీడియా కామన్స్‌లో ఉచితంగా వాడుకోగలిగేవి కోట్లలో ఉన్నాయి, ప్రతి ఫొటో కింద షరతు రాసి ఉంటుంది. రోజూ పొద్దున్నే బొమ్మ కావాలంటే అక్కడ వెతుక్కోండి.

కలువ
మళ్లీ అడుగుతున్నా. ఆ పెద్దావిడ పేరేంటి? ఫొటో పెట్టే ముందు ఆవిడని అడిగారా?

ముంగిస
కలువ గారూ, అది ఈ చర్చకి సంబంధం లేని విషయం. దారిలో వెళ్తుంటే కనిపించిన మనిషి. పేరు తెలీదు. బహిరంగ ప్రదేశంలో తీసిన ఫొటో, చాలాచోట్ల చట్టం దాన్ని తప్పనదు. నేను అమ్ముకోలేదు, ప్రకటనలకి ఇవ్వలేదు, ఆవిడని గౌరవంగానే చూపించాను. ఇంకా ఎన్నాళ్లయినా ఆ నవ్వు ఉంటుంది కదా.

కలువ
సంబంధం లేదా? మీరు ఇప్పుడు రాసింది మళ్లీ చదువుకోండి. అందరూ చూసే చోట ఉంది, పేరు తెలీదు, డబ్బు తీసుకోలేదు, మంచి ఉద్దేశమే, నష్టమేంటి. పైన శ్రీధర్ గారు రాసినవే కదా ఇవి? ఆయన నోట వస్తే దొంగతనం, మీ నోట వస్తే కళ.

ఎందుకింత కోపం అంటారేమో, చెప్తాను. మా ఆఫీసులో ఒక శిక్షణ కార్యక్రమంలో ఒకాయన ఫొటోలు తీశాడు. నేను బాగా అలిసిపోయి తల పట్టుకుని కూర్చున్నప్పుడు ఒకటి తీశాడు. నాకు తెలీదు. దాన్ని తీసుకెళ్లి ఎవరైనా వాడుకోగలిగే ఒక ఉచిత ఫొటోల సైట్‌లో పెట్టాడు. ఇప్పుడు నా ముఖం మానసిక రోగాల మాత్రల ప్రకటనల్లో, భర్త వదిలేసిన ఆడవాళ్ల కథల పక్కన, ఇంకా చెప్పుకోలేని చోట్ల కనిపిస్తోంది. బంధువులు స్క్రీన్‌షాట్ తీసి "ఏమైందమ్మా" అని పంపుతున్నారు. సైట్ వాళ్లకి రాస్తే కాపీరైట్ ఉన్నవాళ్లు ఫిర్యాదు చేయాలన్నారు. కాపీరైట్ ఆయనది! ముఖం నాది, హక్కు ఆయనది. ఆయన్ని అడిగితే ఒకసారి ఇచ్చేసిన లైసెన్సు వెనక్కి తీసుకోలేనండీ అన్నాడు, పైగా చాలా పాపులర్ అయింది ఫొటో అని మురిసిపోయాడు. అన్ని చోట్లా ఆయన పేరు మాత్రం చక్కగా ఉంది. క్రెడిట్ ఇవ్వలేదని ఆయనకి ఏ బాధా లేదు.

ఇందాక ఎవరో కోతి జోకు వేశారు. ఆ కోతి తరఫున కోర్టుకెళ్లడానికి కూడా ఒక సంస్థ దొరికింది. నా తరఫున ఎవరున్నారు?

కీబోర్డుకాకి
సారీ అండీ.

శ్రీధర్77
అద్దీ! నేను మొదట్నుంచీ చెప్తున్నది ఇదే కదా. ఈ ఫొటోగ్రాఫర్లు ఎవర్నీ అడగరు, మనల్ని మాత్రం అడగమంటారు.

కలువ
మీరు సంతోషపడకండి శ్రీధర్ గారూ. నా ముఖం వాడిన వాళ్లందరూ మీలాంటి వాళ్లే. పొద్దున్నే పోస్టుకి బొమ్మ కావాలి, అంతే. అందులో ఉన్నది ఎవరో, బతికుందో చచ్చిందో అక్కర్లేదు.

తోకచుక్క
ప్రకటనలకి వాడాలంటే ఫొటోలో ఉన్నవాళ్ల సంతకం ఉండాలి అంటారు కదా, మోడల్ రిలీజ్ అని?

పాతపుస్తకం
డబ్బు తీసుకునే పెద్ద ఫొటో సంస్థలు అడుగుతాయి. ఆ కాగితం లేకపోతే వార్తలకి తప్ప ప్రకటనలకి ఇవ్వవు. ఉచిత సైట్లు చాలావరకు ఆ బాధ్యత వాడుకునేవాళ్ల మీదే వదిలేస్తాయి, వాడుకునేవాళ్లు ఉచితం అన్న ముక్క ఒక్కటే చదువుతారు. కలువ గారూ, కాపీరైట్ దారి మూసుకుపోయినా వ్యక్తిగత గోప్యత కింద ఫిర్యాదు చేసే ఫారం చాలా సైట్లలో వేరేగా ఉంటుంది. యూరప్‌లో అయితే 2018లో అమల్లోకొచ్చిన జీడీపీఆర్ అనే సమాచార రక్షణ చట్టం కింద గుర్తుపట్టగలిగే ముఖం కూడా వ్యక్తిగత సమాచారమే. మాత్రల కంపెనీకి నేరుగా రాయండి, సైట్‌కి కాదు. రోగి కాని మనిషిని రోగిగా చూపించారన్న మాట వాళ్ల లాయర్లకి త్వరగా ఎక్కుతుంది.

ముంగిస
నాకు జరిగిందీ కలువ గారికి జరిగిందీ ఒకటే అని ఎలా తేల్చేశారో అర్థం కాలేదు. ఆయన మీ ఫొటోని ఎవరికి పడితే వాళ్లకి ఇచ్చేశాడు. నేను ఇవ్వలేదు, ఇవ్వకూడదనే గొడవ పడుతున్నా. దారిన పోయే ప్రతి మనిషి దగ్గరా సంతకం తీసుకుని ఫొటో తీయాలంటే ఆ నవ్వు ఉండదు, సంతకం పెడుతున్న ముఖం ఉంటుంది. ఎవరూ ఎవర్నీ అడక్కుండా తీయకూడదంటే వీధుల్లో మనుషులు ఎలా బతికారో రేపు చూపించడానికి ఒక్క ఫొటో మిగలదు.

కలువ
తీయొద్దని నేను ఎక్కడ అన్నాను? తీశాక కెమెరా వెనక చూపించి "ఇది పెట్టుకోనా" అంటే అరనిమిషం. ఆవిడ వద్దనే వీలు ఆవిడకి ఉండాలి. ఇవాళ ఆవిడ ముఖం మీద ఎవరి మాటలో రాసి ఉన్నాయి, ఆవిడ అమ్మో కాదో కూడా ఎవరికీ తెలీదు.

చింతచెట్టు
చదువు రాని మనిషైతే, ఇంటర్నెట్ అంటే తెలియకపోతే? "పెట్టుకోనా" అంటే సరే అనేస్తుంది. అది అనుమతి అవుతుందా?

శ్రీధర్77
ఇలా అయితే మనుషులున్న ఫొటో ఎవరూ పెట్టలేరు. పూలూ కొండలూ పెట్టుకుందాం ఇక.

పాతపుస్తకం
పెట్టండి, అవీ అడిగే.

ముంగిస గారూ, పని సంగతి చెప్తా. బ్లాక్ చేశారని ఆగిపోకండి. ఆ పేజీ ఉన్న సైట్‌కే కాపీరైట్ ఫిర్యాదు ఫారం నింపండి. అమెరికాలో 1998 నాటి డీఎంసీఏ చట్టం వల్ల పెద్ద సైట్లన్నిటికీ ఆ ఏర్పాటు ఉంది. మీ పేజీ లింకు, వాళ్ల పోస్టు లింకు, మీ దగ్గరున్న అసలు ఫైలు వివరాలు చాలు. వాళ్లు ఎదురు నోటీసు ఇచ్చి అది మాదే అంటే, 10 నుంచి 14 పనిరోజుల్లోపు మీరు కోర్టుకి వెళ్లకపోతే ఫొటో మళ్లీ పెట్టేస్తారు. "సేకరణ" అని రాసుకున్నవాళ్లు మాదే అని సంతకం పెట్టే ధైర్యం చేస్తారనుకోను. ఇంకో మాట, ఈ నోటీసు మీరో, మీ తరఫువాళ్లో మాత్రమే ఇవ్వగలరు. రేపు ఆ పెద్దావిడే చూసుకుని తీయించుకోవాలనుకున్నా ఈ దారిలో ఆవిడకి కుదరదు.

కలువ
అయితే ముందు అది తీయించండి ముంగిస గారూ. మీ కోసం కాకపోయినా.

ముంగిస
ఫారం నింపి పంపాను. నా పేజీలో ఉన్నది మాత్రం తీయను.

కలువ
ఆవిడ కనిపిస్తే అడుగుతారా?

ముంగిస
కనిపిస్తే అడుగుతాను. వద్దంటే అప్పుడు చూద్దాం.

కలువ
"అప్పుడు చూద్దాం" ఏంటండీ. వద్దంటే తీసేస్తారా, తీయరా?