చలివేంద్రం పెట్టాలని ఉంది, పెట్టినవాళ్లు చెప్పండి

బస్టాండు_సందు (ఖమ్మం):
మా సందు మొగలో ఆటో అడ్డా ఉంది. మిర్చి సీజన్లో మార్కెట్‌కొచ్చే రైతులు, హమాలీలు అటే నడుస్తారు. నిరుడు ఏప్రిల్లో ఒకాయన మా గేటు పట్టుకుని నిలబడి నీళ్లడిగాడు. చెంబెడు గటగటా తాగి, ఇంకో చెంబు అడగడానికి మొహమాటపడ్డాడు. ఆ మొహమాటం నన్ను వదల్లేదు. ఈ ఉగాదికి ఐదిళ్లవాళ్లం కలిసి నాలుగు రంజన్లు పెడదామనుకున్నాం. పర్మిషన్ కావాలా? బోరు నీళ్లా, క్యాన్లా? గ్లాసుల సంగతేంటి? అందరం ఉద్యోగాలకి పోతే మధ్యాహ్నం ఎవరు నింపాలి?

గోదారి_గట్టు:
ఉగాదికి మొదలుపెట్టడం మంచి మాట. ప్రపాదానం, అంటే చలివేంద్రం పెట్టడం, అని పంచాంగంలోనే ఉంది. మాది లంకల గన్నవరం పక్క ఊరు. డొక్కా సీతమ్మగారు ఏ వేళకొచ్చినవాళ్లకైనా ఆకు వేసి వడ్డించిన ఊరు అది. ఆవిడ పోయింది 1909లో. ఇవాళ్టికీ మా దగ్గర అక్విడక్టుకి (నది మీదుగా కాలువ పారే వంతెనకి) ఆవిడ పేరే, 2024లో బడి మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే పెట్టారు. ఆవిడ గొప్పంతా వేళ కాని వేళలోనే ఉంది. మా నాన్న పెట్టిన పందిరిలో మొదటి వారం అందరూ నీళ్లు పోశారు. మే నెల వచ్చేసరికి నాన్న ఒక్కడే మిగిలాడు. మీ నాలుగో ప్రశ్నే అసలు ప్రశ్న.

నీళ్ల_శాఖ_31:
31 ఏళ్లు తాగునీటి పనిలో ఉన్నవాణ్ణి, నా మాట వినండి. బోరు నీళ్లయితే ముందు ఫ్లోరైడ్ పరీక్ష చేయించండి. లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగించకండి. నల్లగొండ జిల్లాలో వంకర తిరిగిన కాళ్లు కళ్లారా చూశాను. క్లోరిన్ కలిపితే అరగంట ఆగాలి. తర్వాత కూడా లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి, క్లోరిన్ పరీక్షకి వాడే ఓటీ మందు చుక్కలు వేస్తే లేత పసుపు రావాలి. ఇక గ్లాసులు అసలొద్దు. వంద నోళ్లు తగిలిన గ్లాసు రోగాల పుట్ట. పొడుగు కాడ గరిటెతో ఎత్తి దోసిట్లో పోయండి, తాతల కాలం నుంచీ అంతకన్నా శుభ్రమైన పద్ధతి లేదు.

రెల్లుగడ్డి:
పెద్దాయనా, ఆ దోసిలి మాట వెనక్కి తీసుకోండి. ఎవరి తాతల కాలం? మా తాత హోటల్ బయట వంగి నిలబడితే పైనుంచి పోసేవాళ్లు. మా నాన్నకి చూరులో విడిగా దోపిన గ్లాసు, తాగి తనే కడిగి మళ్లీ అక్కడే పెట్టాలి. చెరువు నీళ్లు తాగే హక్కు కోసం 1927లో అంబేడ్కర్ మహారాష్ట్రలోని మహాడ్‌లో నడవాల్సొచ్చింది. హమాలీని దోసిలి పట్టమంటే, చేతికి అంటిన మిర్చి ఘాటుతోనే తాగాలి కూడా. అది శుభ్రమా?

నీళ్ల_శాఖ_31:
నేను కులం ఎత్తానా? సూక్ష్మక్రిముల గురించి చెప్పాను. కలరా వచ్చిన ఊళ్లలో రాత్రింబవళ్లు బ్లీచింగ్ మోసినవాణ్ణి, ఏ వాడ అని చూడలేదు. ఇలా మాట్లాడితే ఇకపై సలహా చెప్పేవాడెవడు?

రెల్లుగడ్డి:
మీరు మోశారు సార్, నమ్ముతున్నాను. కానీ గరిటె పట్టుకున్నవాడి చెయ్యి పైన, తాగేవాడి తల కింద ఉంటుంది. మీకు క్రిమి కనబడుతోంది, నాకు ఆ వంగడం కనబడుతోంది.

కండక్టరమ్మ_కూతురు:
ఇద్దరూ ఆగండి. గరిటే వద్దు, ముంచే గ్లాసూ వద్దు. కుళాయి బిగించిన రంజన్లు దొరుకుతున్నాయి, తిప్పుకుని ఎవరికి వాళ్లు పట్టుకుంటారు. మా అమ్మ డిపో గేటు పక్కన ఆరు వేసవులు నడిపింది. పదిహేను స్టీలు గ్లాసులు, రెండు తొట్లు. ఒక తొట్లో సబ్బునీళ్లు, రెండో దాంట్లో మంచినీళ్లు. గ్లాసు బోర్లించే పళ్లేనికి చిల్లులు కొట్టించింది, నీళ్లు నిలవకుండా. గొలుసు మాత్రం కట్టనివ్వలేదు. "నీళ్లు తాగేవాణ్ణి దొంగని చేస్తామా" అనేది. ఆరేళ్లలో పోయినవి నాలుగు.

నీళ్ల_శాఖ_31:
కుళాయి రంజనైతే నాకూ అభ్యంతరం లేదు. రోజూ రాత్రి ఖాళీ చేసి లోపల రుద్దాలి, లేకపోతే పాచి పడుతుంది.

జగిత్యాల_పోరడు:
నేను దుబాయ్‌ల పన్నెండేండ్లు సెంట్రింగ్ పని చేసిన. ఆడ ఇండ్ల ముంగట, మసీదుల కాడ చల్లనీళ్ల కూలర్లు పెడ్తరు, ఎవ్వలైనా తాగొచ్చు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక పగటీలి పన్నెండున్నర నుంచి మూడు దాక ఎండల పని బంద్, అది సర్కారు రూలు. తిరిగొచ్చినంక మేం నలుగురం దోస్తులం ఇక్కడ జొన్న అంబలి పోస్తున్నం. ఇంత సల్ల, ఉప్పు, ఉల్లిగడ్డ. ఉత్త నీళ్లు కడుపుల నిలబడయి అన్నా, అంబలి పెట్టు.

ఫ్లెక్సీ_బాధితుడు:
మా సెంటర్లో నిరుడు ఇరవై అడుగుల ఫ్లెక్సీ కట్టారు, పన్నెండు ఫొటోలు. ప్రారంభించిన రోజు మజ్జిగ, పుచ్చకాయ ముక్కలు. మూడో రోజు నేను మూత తీస్తే అడుగున చారెడు నీళ్లు, అందులో రెండు చీమలు. కాలేజీ పిల్లలు ముగ్గురు అదే కుండలు కడిగి, నెలాఖరు దాకా సైకిల్ మీద నీళ్లు మోశారు. వాళ్ల ఫొటో ఎక్కడా లేదు. దయచేసి బోర్డు మీద పేర్లు రాయకండి.

గోదారి_గట్టు:
తాతగారి జ్ఞాపకార్థం అని రాస్తే తప్పేంటి? ఆ పేరుకోసమైనా కుండ ఎండనివ్వరు.

పిచ్చుకల_గూడు:
పక్కన వెడల్పాటి మూకుడు ఒకటి పెట్టండి, పక్షులకి. లోపల రాయి వెయ్యాలి, పిట్ట నిలబడటానికి.

వార్డు_నర్సు:
ఇది ఎవరూ చెప్పలేదు. 2015 మేలో రెండు రాష్ట్రాల్లో కలిపి వడదెబ్బకి రెండు వేలకి పైగా పోయారు. అప్పుడు నేను డ్యూటీలో ఉన్నాను. మనిషి తికమకగా మాట్లాడుతున్నా, స్పృహ తప్పినా నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నీడలో పడుకోబెట్టి, ఒళ్లంతా తడిపి, విసురుతూ 108కి ఫోన్ చేయండి. తెలివిగా ఉండి నీరసపడితే ఓఆర్‌ఎస్ ఇవ్వండి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చిన్న చెంచాతో, తలకొట్టి కొలవాలి. ఈ నాలుగు మాటలు అట్టముక్క మీద రాసి రంజన్ల పక్కన కట్టండి.

కండక్టరమ్మ_కూతురు:
కొత్త రంజన్ని ఒక రోజంతా నానబెట్టండి, మొదటి నీళ్లు మట్టి వాసనొస్తాయి. కింద ఇసుక పోసి తడుపుతూ ఉండండి. మీ ఖమ్మం పొడి ఎండకి బాగా చల్లబడతాయి. మా విశాఖ ఉక్కలో అంత చల్లబడవు, అందుకే అమ్మ వట్టివేళ్లు వేసేది.

బస్టాండు_సందు:
పొద్దున కుమ్మరి దగ్గర కుళాయి రంజన్లు మూడు తెచ్చాం. ఒకటి కుళాయి దగ్గర కారుతోంది, రేపు మార్చిస్తానన్నాడు. గ్లాసులు పెడుతున్నాం, గొలుసు లేదు. నర్సు గారి నాలుగు మాటలూ మా పాప పెద్దక్షరాలతో రాస్తోంది. బోరు నీళ్లు పరీక్షకి ఇచ్చాం, ఫలితం వచ్చేదాకా క్యాన్లే. మధ్యాహ్నం సంగతి అడ్డాలోని ఆటో తమ్ముళ్లకి చెబితే, వంతులేసుకుని రెండింటికి నింపుతామన్నారు. ఒకతను అప్పుడే మా గోడ మీద సుద్దతో సోమవారం నుంచి పేర్లు రాశాడు. అంబలి వారానికొకసారి ప్రయత్నిస్తాం. పర్మిషన్ గురించి ఎవరూ చెప్పలేదు, రేపు మున్సిపల్ ఆఫీసుకి నేనే పోయి అడుగుతాను.