ప్లేస్‌మెంట్ అయ్యాక గొడవలతో ఉద్యోగం మానేస్తున్నారు, క్లాసులో ఏం నేర్పాలి?

రిటైల్ ట్రైనర్, కర్నూలు:
డీడీయూజీకేవై (పల్లె యువతకు ఉద్యోగ శిక్షణ ఇచ్చే కేంద్ర పథకం) రెసిడెన్షియల్ బ్యాచ్. 35 మంది, అంతా 18 దాటినవాళ్లే, అమ్మాయిలూ అబ్బాయిలూ కలిసి. బిల్లింగ్, స్టాక్ పని ఇట్టే పట్టేస్తారు. హైదరాబాద్ వెళ్లాక రూమ్మేట్లతో గొడవలు, "ఫోన్ ఎందుకెత్తలేదు" అంటూ ప్రేమించినవాళ్ల నిలదీతలు, సూపర్‌వైజర్ వెకిలి మాటలు. దాంతో బ్యాగు సర్దుకుని ఊరికొచ్చేస్తున్నారు. సాఫ్ట్‌స్కిల్స్ గంటల్లో ఇవి ఎలా నేర్పాలి?

సాఫ్ట్‌స్కిల్స్ ఫ్యాకల్టీ:
విడి సబ్జెక్టుగా పెట్టకండి. బోర్డు మీద "సంబంధాలు" అని రాయగానే వెనక బెంచీల్లో నవ్వులు మొదలవుతాయి. ట్రేడ్ రోల్‌ప్లేలోనే కలిపేయండి. ముగ్గురేసి గ్రూపులు: ఒకరు అడగాలి, ఒకరు కాదనాలి, మూడోవాళ్లు గమనించి రాసుకోవాలి. ఐదు నిమిషాలకోసారి పాత్రలు మార్చండి. మొదట "ఈ ఆదివారం కూడా డ్యూటీకి రా" అనే సూపర్‌వైజర్. నాలుగో క్లాసుకి అదే గ్రూపులో "పాస్‌వర్డ్ చెప్పు, నా మీద నమ్మకం లేదా?"

జవాబు పొట్టిగా ఉండాలి: "పాస్‌వర్డ్ ఇవ్వను. అది నా సొంతం." ఎక్కువమంది తడబడేది ఇక్కడే. సంజాయిషీలు చెప్పుకుంటూ పోతారు, అవతలివాళ్లు ఒక్కోదాన్నీ కొట్టిపారేస్తారు. అడిగే పాత్ర వేసినవాళ్లు "సరే" అని ఆగడంతోనే సీన్ ముగించండి. కాదన్న మాటను మళ్లీ అడగకుండా ఒప్పుకోవడం నేర్పకపోతే సగం పాఠం వదిలేసినట్టే.

హాస్టల్ కౌన్సెలర్, వరంగల్:
క్లాసులో సొంత విషయాలు చెప్పించకండి, సాయంత్రానికల్లా హాస్టలంతా పాకుతాయి. చీటీల డబ్బా పెట్టండి. ప్రశ్న లేనివాళ్లు కూడా ఖాళీ చీటీ వేయాలి, లేకపోతే ఎవరు రాశారో తెలిసిపోతుంది. మొదటి జీతానికి ముందే ఒక గంట ఏటీఎం కార్డు, పిన్ ఎవరి దగ్గరుండాలో మాట్లాడండి. ప్రేమ పేరుతో కార్డు తీసేసుకోవడం పెత్తనమేనని అక్కడే స్పష్టంగా చెప్పాలి.

ఎవరైనా వేధింపు సంగతి చెబితే వెంటనే ఇంటికి ఫోన్ చేయకండి. "పెళ్లి చేసేస్తారు" అన్న భయంతో మిగతావాళ్లు నోరు విప్పరు. ఎవరికి చెప్పాలో ముందు ఆ అమ్మాయినే అడగండి. 181 మహిళా హెల్ప్‌లైన్, వేధింపులకు గురైన మహిళలకు సాయపడే సఖి కేంద్రం సంగతి చెప్పండి. 18 లోపు పిల్లలున్న బ్యాచ్ అయితే "ఎవరికీ చెప్పను" అని మాటివ్వొద్దు. లైంగిక వేధింపైతే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) ప్రకారం పోలీసులకు తెలపాల్సిందే.

ప్లేస్‌మెంట్ ఆఫీసర్:
పది మంది, అంతకు మించి పనిచేసే చోట, పనిలో మహిళలపై లైంగిక వేధింపులను అడ్డుకునే 2013 చట్టం ప్రకారం ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి. అంతకన్నా చిన్న షాపైతే జిల్లా స్థానిక కమిటీ. ఫిర్యాదు ఘటన జరిగిన 3 నెలల్లోపు, రాతపూర్వకంగా. చేరిన రోజే కమిటీ సభ్యుల పేర్లున్న నోటీసును ఫోటో తీసుకోమనండి.

రిటైల్ ట్రైనర్, కర్నూలు:
రోల్‌ప్లేలు అమ్మాయిల్నీ అబ్బాయిల్నీ కలిపి చేయించాలా?

సాఫ్ట్‌స్కిల్స్ ఫ్యాకల్టీ:
మొదటి రెండు విడివిడిగా. తర్వాత కలపండి, కౌంటర్లో పక్కపక్కనే నిలబడాల్సింది వాళ్లే కదా.