ఏడేళ్లుగా వెతుకుతున్న పెరిగ్రీన్ ఇదేనా? తెలిసినవాళ్లు చెప్పండి

ప్రశ్న:
ఏడేళ్ల నుంచి పెరిగ్రీన్ ఫాల్కన్ అనే డేగ కోసం తిరుగుతున్నానండీ. "నిన్ననే కనిపించింది" అని ఎవరో చెప్పడం, మర్నాడు నేను వెళ్లి ఊరికే తిరిగి రావడం, ఇదే వరస. ఇవాళ పొద్దున చెరువు గట్టున నీటికోళ్లను చూస్తూ ఉంటే పావురాల గుంపు మొత్తం ఒక్కసారిగా దగ్గరికి చేరి గిర్రున తిరిగింది. తలెత్తి చూస్తే చాలా పైన కొడవలి లాంటి రెక్కలతో ఒక పక్షి, ఆ రెక్కలు ముడుచుకుని రాయి పడ్డట్టు కిందికి దూకింది! పావురం తప్పించుకుంది. దూకిన పక్షి వెళ్లి సెల్ టవర్ మీద వాలింది. బైనాక్యులర్స్‌లో చెంప మీద నల్లటి మీసం కట్టు స్పష్టంగా కనిపించింది, కానీ ఛాతీ మీద నిలువు చారలున్నాయి. పుస్తకంలో అడ్డచారలని ఉంది, అదే నా టెన్షన్. చేతులు వణికి ఫొటో ఒక్కటీ సరిగా రాలేదు. నేను చూసిన పక్షుల లిస్టులో రాసుకోవచ్చా?

జవాబు:
నిలువు చారలుంటే పిల్ల పక్షి అండీ. ఈకలు రాల్చి కొత్తవి వచ్చాకే పొట్ట మీద అడ్డచారలు వస్తాయి, గోధుమ రంగు వీపు కూడా నీలి బూడిద రంగుకు మారుతుంది. వేట తప్పడం కూడా పిల్ల పక్షులకు మామూలే, అలా దూకేటప్పుడు వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది మరి, దాన్ని అదుపులో పెట్టుకోవడం నేర్చుకోవాలి కదా.

జవాబు:
తొందరపడకండి. హాబీ డేగకూ మీసం ఉంటుంది, కోసు రెక్కలుంటాయి, నిలువు చారలూ ఉంటాయి. సైజు ఎంత? పక్కన పోల్చడానికి ఏమైనా ఉందా?

ప్రశ్న అడిగినవారు:
ఉందండీ! ఒక కాకి వచ్చి అరుస్తూ దాని చుట్టూ తిరిగింది. దాదాపు కాకి అంత ఉంది, ఛాతీ మాత్రం బాగా వెడల్పు, తోక పొట్టి.

జవాబు:
అయితే ఇంక అనుమానం లేదు, హాబీ సన్నగా, కాకి కంటే బాగా చిన్నగా ఉంటుంది. పెరిగ్రీన్‌లో ఆడది మగదానికంటే పెద్దది, మీరు చూసింది ఆడదే అయ్యుంటుంది. అభినందనలు, మనసారా!

జవాబు:
పిల్ల పక్షి అని చదివి నాకు చాలా సంతోషమేసింది. డీడీటీ అనే పురుగుమందు వల్ల గుడ్ల పెంకులు పలచబడి, పొదిగేటప్పుడే చితికిపోయి, యూరప్, ఉత్తర అమెరికాల్లో ఈ జాతి ఎన్నో చోట్ల కనుమరుగైంది. అమెరికాలో 1972లో డీడీటీని నిషేధించారు, 1999కి గానీ అక్కడి అంతరించిపోతున్న జాతుల జాబితా నుంచి ఇది బయటపడలేదు. రేపు మళ్లీ వెళ్లండి, వాలిన చోటికే తిరిగి రావడం వీటికి అలవాటు. టవర్ కింద పావురం ఈకలు రాలి ఉన్నాయేమో చూడండి, దగ్గరికి మాత్రం పోవద్దు, దూరం నుంచే.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థాంక్స్ అండీ. లిస్టులో రాసేశాను, టైముతో సహా. రేపు తెల్లారకముందే గట్టు మీద ఉంటాను.