వేరే సూర్యుళ్ల గ్రహాల మీద గాలి: నేల మీద నుంచి పట్టుకోగలమా?

కోటజంక్షన్_మాస్టారు (విజయనగరం):
నక్షత్రానికి అతుక్కుని తిరిగే గ్రహాల గాలిలో ఏముందో నేల మీది టెలిస్కోపులే చెప్పేస్తున్నాయని మొన్న మన సైన్స్ క్లబ్బులో ఒకాయన ఊదరగొట్టాడు. నాకైతే నమ్మకం లేదు. మన గాలిలోనూ నీటి ఆవిరి, మీథేన్ ఉన్నాయి. ఇన్‌ఫ్రారెడ్‌ని, అంటే కంటికి కనబడని ఎర్ర అంచు అవతలి కాంతిని, అవే మింగేస్తాయి. 2010లో హవాయిలోని 3 మీటర్ల టెలిస్కోపుతో హెచ్‌డీ 189733బి అనే గ్రహం మీద మీథేన్ జాడ దొరికిందన్నారు. మరుసటేడు అక్కడి పెద్ద టెలిస్కోపు కెక్‌తో చూసినవాళ్లకి అదేం కనబడలేదు, మన గాలి చేసిన మాయేమో అన్నారు. ఇక దేన్ని నమ్మాలి?

జీడితోట_పలాస:
మాస్టారూ, అదే 2010లో చిలీలోని 8.2 మీటర్ల టెలిస్కోపుతో హెచ్‌డీ 209458బి అనే మరో గ్రహం మీద కార్బన్ మోనాక్సైడ్ పట్టారు. అది చెప్పరేం? ఆముదాలవలస ప్లాట్‌ఫాం మీద వందమంది నిలబడి, ఒక్కడే నడుస్తుంటే వాడు కనబడడా? కాంతిని రంగులుగా విడదీస్తే ఒక్కో వాయువు మింగిన చోట నల్ల గీతలు పడతాయి. మన గాలి గీతలు కదలవు. గ్రహం నక్షత్రం ముందు నుంచి దాటే ఆ మూడు గంటల్లో మనవైపు దాని వేగం సెకనుకి సుమారు 30 కిలోమీటర్ల మేర మారుతుంది, దాంతో దాని గీతలూ జరుగుతాయి. కదలనివాటిని తీసేస్తే కదిలేది మిగులుతుంది.

కోటజంక్షన్_మాస్టారు:
మీథేన్ సంగతి అడిగాను.

జీడితోట_పలాస:
ఆ మీథేన్ పనిలో గీతలు విడిగా కనబడేంత రిజల్యూషన్ (దగ్గరదగ్గర రంగుల్ని విడదీసే శక్తి) లేదు. చిలీ పరికరానిది సుమారు లక్ష. ఆకాశంలో ఉన్న జేమ్స్ వెబ్ టెలిస్కోపులో దగ్గరి ఇన్‌ఫ్రారెడ్ పరికరానికి సుమారు 2,700 మాత్రమే. 2012లో చూసిన టౌ బూటిస్ బి అనే గ్రహమైతే నక్షత్రం ముందు నుంచి అసలు దాటదు. అయినా దాని కార్బన్ మోనాక్సైడ్ పట్టి, కక్ష్య వంపు 44 డిగ్రీల చిల్లర అని తేల్చారు.

నాగావళి_గట్టు:
ఇద్దరూ భోంచేశారా?

కోటజంక్షన్_మాస్టారు:
నువ్వు చూశావా బాబూ ఆ చుక్కని? ఫైలు దించుకుని చూడటం కూడా చూడటమేనా? 1986లో హేలీ తోకచుక్క కోసం పదకొండు మంది పిల్లల్ని కళింగపట్నం ఒడ్డున తెల్లవార్లూ కూర్చోబెట్టాను. రెండు రోజులు మబ్బు. మూడో రోజు దూదిపింజలా కనబడింది. నేను చెప్పేది అలా చూడటం.

జీడితోట_పలాస:
ఇంటర్వ్యూలో నన్నూ ఇదే అడిగారు, ‘ఏ టెలిస్కోపు దగ్గర పనిచేశావు?’ అని. చిలీ డేటా ఏడాది గడిచాక ఎవరైనా దించుకోవచ్చు. పలాసలో, కరెంటు పోతూ వస్తూ ఉన్న గదిలో ఆర్నెల్లు దాంతోనే కుస్తీ పట్టానని చెప్పాను. నవ్వారు. సీటు ఇవ్వలేదు. ఇప్పుడు మీరూ అదే మాట!

కోటజంక్షన్_మాస్టారు:
అందుకేనా టెలిస్కోపు వద్దు, రెండు ల్యాప్‌టాప్‌లు కొనండని కమిటీకి రాశావు?

నాగావళి_గట్టు:
ఓహో. గొడవ చిలీలో కాదన్నమాట, మన క్లబ్బు డబ్బుల దగ్గర.

జీడితోట_పలాస:
అవును, రాశాను. సముద్రం పక్కన ఈ ఉక్కలో ఆరంగుళాల గొట్టంతో చంద్రుణ్ణి చూపిస్తారు, సరే. ఆ తర్వాత?

కోటజంక్షన్_మాస్టారు:
ముందు చంద్రుణ్ణి చూడనీ నాయనా. ఆదివారం మీటింగులో తేలుద్దాం. మీథేన్ మాత్రం నేను వదలను.