వాకిట్లో పోయించుకునే పాలా, సూపర్‌మార్కెట్ ప్యాకెట్టా? మా ఇంట్లో తేలడం లేదు

కూకట్‌పల్లి గృహిణి:
మేముండేది అపార్ట్‌మెంట్‌లో. ఇన్నాళ్ళూ పక్కనున్న సూపర్‌మార్కెట్ నుంచి టోన్డ్ పాల ప్యాకెట్లే తెచ్చుకున్నాం. ఈమధ్య తెనాలి నుంచి మా అత్తయ్యగారు వచ్చారు. వచ్చీ రాగానే పాలగిన్నె మూత తీసి చూసి, "ఇందులో మీగడేదమ్మా?" అన్నారు. వాచ్‌మన్‌ని అడిగి ఒక పాలాయన్ని మాట్లాడేశారు. పొద్దున్నే స్టీలు క్యాన్‌తో వచ్చి గేదె పాలు పోసి వెళ్తాడు, లీటరు వంద రూపాయలు. పెరుగు గడ్డలా తోడుకుంటోంది, అది నిజం. మావారికి మాత్రం టెన్షన్. "ఎవరి గేదె, ఏం కలిపాడు, ఎవరు చూశారు?" అంటున్నారు. పాపకి రెండేళ్ళు. ఇద్దరి మాటలోనూ న్యాయం కనిపిస్తోంది. మీరు ఏం వాడుతున్నారు, ఎందుకు?

గుడివాడ రైతుబిడ్డ:
పోయించుకోండి, ఆలోచించకండి. మా ఇంట్లో ముర్రా గేదెలున్నాయి. ఊళ్ళో కొన్ని ఇళ్ళకు వాడిక పోస్తాం, మిగిలినవి పాల కేంద్రానికి. కేంద్రంలో వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని మిగతా గట్టి పదార్థం) చూసి రేటు కడతారు, పదిహేను రోజులకోసారి బిల్లు వస్తుంది. అదే పాలు ఇంటికి పోస్తే చేతికొచ్చేది బాగా ఎక్కువ. తౌడు, తెలగపిండి ధరలు చూస్తున్నారుగా. మీరిచ్చే వంద నేరుగా పశువును మేపేవాడికి చేరుతుంది. పైగా పాలు పిండిన గంట, రెండు గంటల్లో మీ గిన్నెలో ఉంటాయి. గేదె ఈనితే వాడిక ఇళ్ళకు జున్నుపాలు కూడా పంపుతాం. అది ఏ సూపర్‌మార్కెట్ ఇస్తుంది?

నిజాంపేట:
పై ఆయన చెప్పేది ఊళ్ళో నిజం. సిటీలో వేరు. మాకు పోసినాయన మొదటి నెల పాలు ఎంత చిక్కగా పోశాడంటే పొరుగువాళ్ళకు కూడా మేమే మాట్లాడిపెట్టాం. ఎండలు ముదిరేసరికి పల్చబడ్డాయి. అడిగితే "మేత మారిందమ్మా" అన్నాడు. ఒకసారి మావారు మందుల షాపుకని పొద్దున్నే వెళ్తే, ఆయన మా వీధి చివర బండి ఆపి, రెండు మూడు క్యాన్లలోవి ఒకదాంట్లోకి గుమ్మరిస్తున్నాడు. అవి ఎవరి దగ్గర కొన్నవో ఆయనకే తెలియాలి. మానేశాం.

పాల ల్యాబ్:
ఒక డెయిరీ చిల్లింగ్ సెంటర్‌లో చాలాకాలం టెస్టింగ్ చేశాను. అందుకని కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

కూకట్‌పల్లి అమ్మా, మీరు పోలుస్తున్నవి అసలు ఒకే రకం పాలు కావు. టోన్డ్ పాలంటే వెన్న 3 శాతం, వెన్న కాని మిగతా గట్టి పదార్థం (ఎస్‌ఎన్‌ఎఫ్) 8.5 శాతం. డబుల్ టోన్డ్‌లో వెన్న 1.5 శాతమే. స్టాండర్డైజ్డ్‌లో 4.5, ఫుల్ క్రీమ్‌లో 6 శాతం ఉండాలి. గేదె పాలలో 6 నుంచి 8 దాకా ఉండటం మామూలే. అంటే లీటరు టోన్డ్ పాలలో సుమారు 30 గ్రాముల వెన్న ఉంటే, మంచి గేదె పాలలో దానికి రెట్టింపో ఇంకా ఎక్కువో ఉంటుంది. మీగడ రాకపోవడానికి కారణం అదే. ప్యాకెట్ పాలలో ఏవో మందులు కలుపుతారని దీన్ని బట్టి అనుకోవడం పొరపాటు. ఒకసారి ఫుల్ క్రీమ్ ప్యాకెట్ తెచ్చి తోడుపెట్టి, ఆ పెరుగు అత్తయ్యగారికి పెట్టి చూడండి.

ఇక కల్తీ. చాలామంది లాక్టోమీటర్ (పాల చిక్కదనం కొలిచే సాధనం) కొనుక్కుంటే చాలనుకుంటారు. నీళ్ళు కలిపితే రీడింగ్ పడిపోతుంది, నిజమే. కానీ వెన్న తీస్తే రీడింగ్ పెరుగుతుంది. కాస్త వెన్న తీసి కాసిని నీళ్ళు పోస్తే రీడింగ్ మళ్ళీ ఉండాల్సిన చోటే ఉంటుంది. పంచదార, యూరియా కలిపేదీ ఈ రీడింగ్‌ని నిలబెట్టడానికే. ఎండాకాలం పాలు విరగకుండా సోడా వేసేవాళ్ళూ ఉన్నారు. డెయిరీకి వచ్చే ట్యాంకర్‌లో పాలు దించకముందే వీటన్నిటికీ పరీక్షలు చేస్తాం. తేడా వస్తే ట్యాంకర్ తిప్పి పంపేస్తాం. మీ గుమ్మంలో పోసే క్యాన్‌కి ఆ పరీక్ష చేసేవాళ్ళు లేరు. నా బాధ అది. పాలు పోసేవాళ్ళందరూ మోసగాళ్ళని నేననను.

పచ్చిపాలలో బ్రుసెల్లా లాంటి క్రిములు ఉండొచ్చు. డెయిరీలో 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు వేడి చేసి, వెంటనే 4 డిగ్రీలకు చల్లబరుస్తారు, పాశ్చరైజేషన్ అంటే ఇదే. పోయించుకున్న పాలు పొంగు వచ్చేదాకా కాస్తే ఆ భయం తీరుతుంది. పాపకి మాత్రం పచ్చిపాలు చుక్క కూడా పట్టకండి.

కరీంనగర్ సైన్సు టీచర్:
ల్యాబ్ గారూ, డెయిరీ పాలు అంత భద్రమా? కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లో దేశమంతా 1,103 పట్టణాల్లో 6,432 నమూనాలు తీసి పరీక్షించింది. ప్రమాదకరమైన కల్తీ దొరికింది 12 నమూనాల్లోనే, అందులో 9 మన తెలంగాణవి. ఆ మాట ఎవరూ దాచక్కర్లేదు. కానీ అఫ్లాటాక్సిన్ ఎం1 అనే విషపదార్థం పరిమితి దాటినవి 5.7 శాతం ఉన్నాయి. అవి విడిపాలలో కంటే ప్రాసెస్ చేసిన పాలలోనే ఎక్కువగా కనిపించాయని ఆ సంస్థే చెప్పింది. దీనికేమంటారు?

పాల ల్యాబ్:
సరైన ప్రశ్న. అఫ్లాటాక్సిన్ బూజు పట్టిన దాణా నుంచి వస్తుంది. తడిసిన వేరుశనగ చెక్క, పత్తిగింజల చెక్క, మొక్కజొన్న పశువు తింటే అది పాలలోకి దిగుతుంది. కాస్తే పోదు, పాశ్చరైజేషన్‌కీ పోదు. కాబట్టి దీని విషయంలో డెయిరీ పాలు మేలని నేను చెప్పలేను, చెప్పను. పశువు ఏం తింటోందో చూడగలిగితే చూసుకోవడమే మార్గం. ఆ అవకాశం ప్యాకెట్ కొనేవాళ్ళకు లేదు, మీ పాలాయన గేదెల దగ్గరికి మాత్రం మీరు వెళ్ళగలరు. యాంటీబయాటిక్స్ సంగతీ అంతే. పొదుగువాపుకి ఇంజక్షన్ చేశాక డాక్టర్ చెప్పినన్ని రోజులు ఆ పాలు పారబోయాలి. పారబోశాడా లేదా అన్నది ఆ రైతు మనస్సాక్షి.

నిజాంపేట:
ప్యాకెట్‌తో కూడా ఒక చిక్కుంది. మా వీధిలో పాల ట్రేలు తెల్లవారుజామున షాపు ముందు దించి వెళ్ళిపోతారు. షాపు తెరిచేదాకా అవి అరుగు మీదే. మే నెలలో ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంటాయి. యాప్‌లో ఆర్డరిస్తే తలుపుకి సంచీ తగిలించి పోతారు, మనం లేచేసరికి ఎంతసేపయిందో తెలీదు. అందుకే నేను ఫ్రిజ్ సరిగ్గా నడిపే సూపర్‌మార్కెట్‌కే వెళ్ళి, లోపలి వరసలోంచి చల్లటి ప్యాకెట్ తీసుకుంటాను. తేదీ చూసుకుంటాను. తెచ్చాక కాస్తాను. పాశ్చరైజ్ చేసినవి కాయక్కర్లేదంటారు, అది నాలుగు డిగ్రీలు చివరిదాకా నిలిచిన చోట మాట.

వైజాగ్ హాస్టల్:
మేం నలుగురం ఒక రూమ్‌లో ఉంటాం, టీకి తప్ప పాలు వాడం. టెట్రా ప్యాక్ బెస్ట్. తెరిచేదాకా ఫ్రిజ్ అక్కర్లేదు.

పాల ల్యాబ్:
టెట్రా ప్యాక్ నెలల తరబడి నిలవుండేది ప్రిజర్వేటివ్స్ వల్ల అని భయపడకండి. 135 డిగ్రీలు దాటించి కొన్ని సెకన్లు ఉంచి, క్రిములు లేని డబ్బాలో సీల్ చేస్తారు. పెరుగుకి మాత్రం అంత బాగుండదు.

గుడివాడ రైతుబిడ్డ:
ల్యాబ్ గారు చెప్పినవి కాదనను. మా వైపు మాట కూడా వినండి. వాడిక పోయడం సుఖమైన పని కాదు. సంక్రాంతికి సగం ఇళ్ళ వాళ్ళు ఊళ్ళకెళ్ళిపోతారు, "నాలుగు రోజులు వద్దు" అని ముందురోజు రాత్రి ఫోన్. గేదెకి ఆ సంగతి తెలీదు కదండీ, పాలిస్తూనే ఉంటుంది. నెలాఖరున డబ్బులకు తిప్పించుకునేవాళ్ళు కొందరు. ఈ నష్టం భరించలేకే చాలామంది రేటు తక్కువైనా మొత్తం పాలు కేంద్రానికే పోస్తున్నారు. నమ్మకం కావాలంటే రెండు వైపుల నుంచీ ఉండాలి. మంచి పాలు కావాలనేవాళ్ళు నెల మొదట్లో డబ్బులిచ్చేయండి. ఊరెళ్తే ముందే చెప్పండి. నీళ్ళు కలపడానికి దారితీసే పరిస్థితి అక్కడే సగం తగ్గుతుంది.

నిజాంపేట:
మేం డబ్బులు ముందే ఇచ్చాం. అయినా నీళ్ళే వచ్చాయి.

గుడివాడ రైతుబిడ్డ:
అలాంటి వాడిని మాన్పించడమే న్యాయం. నేనూ అదే చేస్తాను.

కూకట్‌పల్లి గృహిణి:
అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి ఇదంతా మా అత్తయ్యకి చదివి వినిపించాను. ఫుల్ క్రీమ్ పెరుగు మీద ఆవిడకి నమ్మకం లేదు గానీ, పెట్టి చూద్దామన్నారు. మావారిదీ నాదీ ఒకటే షరతు: పాలాయన సొంత గేదెల పాలయితేనే, అవి ఎక్కడ కడుతున్నాడో మాకు చూపిస్తేనే పోయించుకుంటాం. అడిగితే మేడ్చల్ దగ్గర అన్నాడు, ఆదివారం రమ్మన్నాడు. అప్పటిదాకా పాపకి ప్యాకెట్ పాలే, కాచి పడుతున్నాను. ఇంట్లో చేసుకోదగిన పరీక్షలేమైనా ఉంటే చెప్పండి.

పాల ల్యాబ్:
నున్నటి పళ్ళెం ఏటవాలుగా పట్టుకుని ఒక చుక్క వేయండి. మంచి పాలయితే మెల్లగా జారుతూ వెనక తెల్లటి చార వదులుతాయి. నీళ్ళు కలిసినవి చార లేకుండా గబుక్కున జారిపోతాయి. గంజి పిండి కలిపారనే అనుమానముంటే, కాచి చల్లార్చిన పాలలో రెండు చుక్కల టింక్చర్ అయోడిన్ వేయండి, నీలంగా మారితే పిండి ఉన్నట్టే. సీసాలో పాలు, అన్నే నీళ్ళు పోసి గట్టిగా కుదిపితే ఒత్తుగా నురగ నిలబడిందంటే డిటర్జెంట్. యూరియా, సోడా మాత్రం కంటికి తెలిసేవి కావు, ల్యాబ్‌లో చూపించడం మేలు. ఇంకో మాట, పాలు అమ్మే చిన్న వ్యాపారికి కూడా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఉందా అని అడగడంలో తప్పేం లేదు.

గుడివాడ రైతుబిడ్డ:
ఆదివారం వెళ్ళినప్పుడు దాణా బస్తాలో చెయ్యి పెట్టి చూడండి, ముక్కిపోయిన వాసన వస్తే ఆ పాలు వద్దు. పొదుగు కడిగి పిండుతున్నాడా, క్యాన్ దేంతో తోముతున్నాడు అన్నది చూడండి. ఎన్ని గేదెలు పాలిస్తున్నాయో లెక్కపెట్టి, మొత్తం ఎన్ని ఇళ్ళకు పోస్తున్నాడో అడగండి. ఆ రెండూ పొంతన కుదరాలి. ముఖ్యంగా, ఎండాకాలంలో గేదెలు వట్టిపోతే మీ లీటరు ఎక్కడి నుంచి తెస్తాడో అడగండి. "అప్పుడు అర లీటరే పోస్తానమ్మా" అన్నాడంటే ఆయన దగ్గరే పోయించుకోండి.