మా బావ షార్‌లో చేస్తాడు, అన్న అమెరికా క్లియరెన్స్ ఫారంలో ఆయన పేరు రాయాలా వద్దా?

బైరాగిపట్టెడ_చిన్నోడు:
అందరికీ నమస్కారం, కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మా అన్న ఎమ్మెస్‌కని అమెరికా పోయి అక్కడే సెటిలైనాడు, పోయినేడు సిటిజన్‌షిప్ కూడా వచ్చేసింది. ఇప్పుడు అక్కడి మిలిటరీకి సాఫ్ట్‌వేర్ చేసిచ్చే ఒక కంపెనీలో ఆఫర్ వచ్చింది కానీ సెక్యూరిటీ క్లియరెన్స్, అంటే రహస్య సమాచారం చూసేదానికి వాళ్ళ ప్రభుత్వం ఇచ్చే అనుమతి, వస్తేనే జాయినింగ్ అంట. నిన్న రాత్రి ఫోన్ చేసి నాయన పుట్టిన తేదీ, అమ్మ పుట్టింటి ఇంటిపేరు, నేను యాడ పని చేస్తా, మేము ఎన్నాళ్ళకోసారి మాట్లాడుకుంటాం, అది వాట్సాప్‌లోనా మామూలు ఫోన్‌లోనా, అన్నీ అడిగి రాసుకున్నాడు. అమ్మకి అక్కడే భయం పట్టుకుంది, వాళ్ళ మిలిటరీకి మన ఇంటి సంగతులు ఎందుకురా అని.

అసలు గొడవ ఏందంటే మా అక్క మొగుడు శ్రీహరికోటలో ఇస్రో రాకెట్లు ఎగరేసే షార్‌లో టెక్నీషియన్. నాయన టీటీడీలో చేసి రిటైరైనాడు. చంద్రగిరి దగ్గర మామిడితోట అన్న పేరు మీద కూడా జాయింట్‌గా ఉంది. అమ్మ, పెదనాయన ఏమంటారంటే బావ సంగతి మాత్రం రాయొద్దు, రాకెట్ల ఆఫీసని తెలిస్తే వీడికి ఉద్యోగం రాదు, ఇక్కడ బావకేమో గూఢచారని కేసు పెడతారు, ఇస్రో సైంటిస్టు నంబి నారాయణన్‌ని ఏం చేసినారో చూడలేదా అని. అన్న ఏమో రాయాల్సిందే అంటాడు. ఇంట్లో రెండు పార్టీలైపోయినాయి. ఎవరికైనా అనుభవం ఉంటే చెప్పండి.

కాణిపాకం_కుర్రోడు:
సగం ఫారం ఇక్కడే నింపేసినావు కదన్నా, బావ ఏ సెక్షన్‌లో చేస్తాడో కూడా రాసేస్తే అయిపోయేది.

బైరాగిపట్టెడ_చిన్నోడు:
అందుకే కంపెనీ పేరు, అన్న ఉండే ఊరి పేరు ఏదీ పెట్టలేదు సామీ. తెలిస్తే చెప్పు, లేకుంటే తోటలో మామిడికాయలు కోద్దువు రా.

వర్జీనియా_వెంకీ:
తమ్ముడూ, మాది చిత్తూరు గ్రీమ్స్‌పేట, నేనూ ఈ తతంగం దాటొచ్చినోణ్ణే కాబట్టి చెప్తున్నా. ఆ ఫారం పేరు ఎస్ఎఫ్-86. ఇంతకుముందు యాడెక్కడ కాపురం ఉన్నావు, ఎక్కడ పని చేసినావు, ఏ దేశాలు తిరిగినావు, అప్పులేమున్నాయి, అంతా అడుగుతుంది, కొన్నిటికి పదేళ్ళ లెక్క, కొన్నిటికి ఏడేళ్ళ లెక్క చెప్పాల. బంధువుల సెక్షన్‌లో అమ్మ, నాయన, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, అత్తామామలు వస్తారు. బావ ఆ లిస్టులో లేడు, నిజమే, మీ పెదనాయన ఇది చూస్తే ఎగిరి గంతేస్తాడు. కానీ ఆ తర్వాత ఇంకో సెక్షన్ ఉంటుంది, గత 7 ఏళ్ళలో దగ్గరి సంబంధం ఉన్న విదేశీయులెవరు అని. పండక్కి కలిసేవాడు, నెలకోసారైనా మాట్లాడేవాడు అక్కడికి వచ్చేస్తాడు కదా, తప్పించుకునే దారి లేదు. ఆ మనిషికి వాళ్ళ ప్రభుత్వంతో గానీ మిలిటరీతో గానీ సంబంధం ఉందా అని కూడా అడుగుతారు. ఇస్రో అంటే కేంద్రప్రభుత్వం, ఉంది అని రాయడమే. నాయనది టీటీడీ అంటే వాళ్ళకి అర్థం కాదు, రాష్ట్ర ప్రభుత్వ చట్టం కింద నడిచే దేవస్థానం, రిటైర్డ్ అని రాసేస్తే సరిపోతుంది, అది ప్రభుత్వమా కాదా అని వాళ్ళే తేల్చుకుంటారు.

తోట కూడా రాయాల. విదేశాల్లో ఆస్తులు అని సెక్షనే ఉంది. మన దేశంలో ఓసీఐ వాళ్ళు, అంటే వేరే దేశం పౌరసత్వం తీసుకుని మన కార్డు పెట్టుకున్నోళ్ళు, పొలం కొనకూడదు, వారసత్వంగా అయితే రావచ్చు, కాబట్టి మీ అన్నకి ఆ తోట ఎట్లా వచ్చిందో కాగితాలు దగ్గర పెట్టుకోమను.

ఇప్పుడు అసలు మాట. వాళ్ళు చూసేదానికి 13 అంశాల రూల్స్ ఉన్నాయి, 2017 నుంచి అవే నడుస్తున్నాయి. అందులో విదేశీ ప్రభావం అని ఒకటి, అంటే నీ వాళ్ళని అడ్డం పెట్టుకుని నిన్ను ఎవడైనా బెదిరించగలడా అని చూస్తారు. బావ షార్‌లో ఉండేది తప్పు కాదు, దాని మీద నాలుగు ప్రశ్నలు ఎక్కువ పడతాయి, ఆలస్యమైతాది, ఒక్కోసారి రాకపోవచ్చు కూడా, నేను గ్యారంటీ ఇయ్యను. కానీ దాచితే మాత్రం అది వేరే అంశం కిందికి పోతుంది, నిజాయితీ. ఆ ఫారంలో తెలిసీ అబద్ధం రాస్తే అమెరికా చట్టంలో 5 ఏళ్ళ దాకా జైలు. అప్పులున్నా, తప్పులు చేసినా ఉన్నదున్నట్టు చెప్పి క్లియరెన్స్ తెచ్చుకున్నోళ్ళని చూసినా, దాచి దొరికినోళ్ళని వెనకేసుకొచ్చినోణ్ణి ఒక్కణ్ణీ చూడలా.

ఇంకొకటి. డబ్బులిస్తే క్లియరెన్స్ ఇప్పిస్తాం అనే కన్సల్టెన్సీలు ఉంటాయి, నమ్మొద్దు. మనంతట మనం అప్లై చేసేది కాదు, కంపెనీ స్పాన్సర్ చేయాల. గ్రీన్ కార్డుతో కూడా రాదు.

మదనపల్లె_మాధవి:
అన్నా ఒక డౌటు, ఆ వివరాలన్నీ వాళ్ళ దగ్గర భద్రంగా ఉంటాయా? వాళ్ళ అమ్మ భయం అదే కదా.

వర్జీనియా_వెంకీ:
మంచి ప్రశ్నే అక్కా, నిజం చెప్పాలంటే ఒకసారి పోయినాయి కూడా. ప్రభుత్వ ఉద్యోగుల వ్యవహారాలు చూసే ఓపీఎం అనే వాళ్ళ ఆఫీసు సర్వర్లు హ్యాక్ అయి 2 కోట్ల 15 లక్షల మంది బ్యాక్‌గ్రౌండ్ చెకింగ్ రికార్డులు పోయినాయని 2015లో బయటపడింది, అందులో 18 లక్షల మంది అసలు అప్లై చేసినోళ్ళే కాదు, ఎక్కువగా వాళ్ళ భార్యలూ భర్తలూ. 56 లక్షల మంది వేలిముద్రలు కూడా పోయినాయి. ఆ తర్వాత ఈ పనంతా రక్షణశాఖ కింద వేరే ఏజెన్సీకి ఇచ్చినారు. కాబట్టి ఆంటీ భయాన్ని కొట్టిపారేయలేను. కాకపోతే రాయకుండా ఉంటే భద్రం అనుకునేది మాత్రం ఒప్పుకోను.

మాజీ_సిగ్నల్స్_పలమనేరు:
నమస్తే. నేను ఆర్మీలో సిగ్నల్స్‌లో, అంటే మెసేజ్‌లు పంపే విభాగంలో చేసి వచ్చినోణ్ణి. మీరంతా ఫారం గురించే మాట్లాడుతున్నారు, ఫారంతో పని అయిపోతుందా? అదే అమెరికాలో జాక్ టెషేరా అని ఎయిర్ నేషనల్ గార్డ్ పిల్లోడు, 21 ఏళ్ళు, కంప్యూటర్ల పని చేసేవాడు. స్కూల్లో ఉండగా 2018లో ఆయుధాల గురించి ఏదో వాగినాడని సస్పెండ్ చేసినారు, తుపాకీ పర్మిట్ అడిగితే పోలీసులు ఇయ్యలేదు, అయినా 2021లో టాప్ సీక్రెట్ క్లియరెన్స్ ఇచ్చినారు. వాడు డబ్బుకి అమ్ముకోలేదు, ఏ దేశానికీ పని చేయలేదు, డిస్కార్డ్ అనే చాటింగ్ యాప్‌లో కలిసి ఆటలాడే పిల్లకాయల ముందు నాకెంత తెలుసో చూడండ్రా అని యుక్రెయిన్ యుద్ధం కాగితాలు పెట్టినాడు. పనికి మించి ఫైళ్ళు చూస్తున్నాడు, నోట్సు రాసుకుంటున్నాడు అని పైవాళ్ళు ముందే పట్టుకున్నారు, ఇట్లా చేయొద్దని చెప్పి వదిలేసినారు, పైకి చెప్పాల్సినోళ్ళు చెప్పలేదు. 2023 ఏప్రిల్‌లో అరెస్టు, 2024 నవంబర్‌లో 15 ఏళ్ళ శిక్ష. ఆ యూనిట్‌లో 15 మంది మీద చర్య కూడా తీసుకున్నారు.

మా దగ్గర రూలు ఒకటే. నీకు చూసే హోదా ఉంది అంటే నీ ముందున్న ప్రతి కాగితం చూడొచ్చు అని కాదు, నీ పనికి అవసరమైతేనే చూడాల. మన దేశంలోనూ టాప్ సీక్రెట్, సీక్రెట్, కాన్ఫిడెన్షియల్, రిస్ట్రిక్టెడ్ అని నాలుగు మెట్లు ఉంటాయి, పై మెట్టు వాడికి కూడా ఈ రూలు వర్తిస్తుంది. రూములో వైర్లు సరిచేసేవాడికి ఆ వైర్లలో పోయే మెసేజ్‌తో పనేముంది.

వైజాగ్ సంగతి అందరికీ తెలుసు కదా, 2019 డిసెంబర్‌లో మన ఆంధ్ర పోలీసు ఇంటెలిజెన్స్ వాళ్ళే ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్ అని పేరు పెట్టి ఏడుగురు నేవీ కుర్రోళ్ళని పట్టుకున్నారు. పాకిస్తాన్ గూఢచారులు ఫేస్‌బుక్‌లో ఆడపిల్లల పేర్లతో వీళ్ళని పరిచయం చేసుకుని ఓడలు యాడున్నాయో లాగినారని కేసు. ఆ నెలలోనే నేవీ ఓడల్లో, బేసుల్లో స్మార్ట్‌ఫోన్లు బంద్. 2020లో ఆర్మీ 89 యాప్‌లు తీసేయమంది.

బాబూ చిన్నోడా, నీ బావ గురించి ఒక మాట. అమెరికా ఫారంలో తన పేరు పడుతోంది అని తనే ముందుగా వాళ్ళ ఆఫీసులో చెప్పి పెట్టుకునేది మంచిది, రేపు ఎవరో చెప్తే తెలిసేదానికంటే. నంబి నారాయణన్ గారి కేసు అబద్ధమని 1996లోనే సీబీఐ తేల్చింది, 2018లో సుప్రీంకోర్టు 50 లక్షలు ఇమ్మంది, కానీ ఆయన పడింది ఎవరు తిరిగిస్తారు. అందుకే మీ అమ్మ భయానికి అర్థం ఉంది, ఆమెని ఎగతాళి చేయొద్దు. ఇంకా నయం, పేరు, సంబంధం, ఉద్యోగం రాసుకుంటే అఫీషియల్ సీక్రెట్స్ చట్టం అడ్డం రాదు, ఆఫీసు లోపలి సంగతులు చెప్తేనే వస్తుంది. అది 1923 చట్టం, గూఢచర్యం రక్షణకి సంబంధించిందైతే 14 ఏళ్ళ దాకా. మీ అన్న ఎంత ప్రేమగా అడిగినా బావ తన హోదా దాటి ఒక్క మాట చెప్పకూడదు, మీ అన్న కూడా అడగకూడదు.

రేణిగుంట_రైడర్:
సార్ చెప్పింది కరెక్టు, గేమ్ ఫోరంలో ఇంకా ఘోరం. వార్ థండర్ అని ట్యాంకుల గేమ్ ఉంటుంది, 2021లో ఒకడు బ్రిటన్ ఛాలెంజర్ 2 ట్యాంకు గేమ్‌లో తప్పుగా పెట్టినారని గొడవేసుకుని నిజమైన మాన్యువల్ పేజీలు తెచ్చి పోస్టు చేసినాడు. ఆ తర్వాత ఫ్రాన్స్ ట్యాంకుది ఒకడు, చైనాది ఒకడు. గేమ్‌లో ట్యాంకు బలం పెంచేదానికి దేశం కాగితాలు తెచ్చినారు చూడండి, ఇంతకన్నా పిచ్చి నేను చూడలా.

బైరాగిపట్టెడ_చిన్నోడు:
అందరికీ థ్యాంక్స్, ముఖ్యంగా వెంకీ అన్నకి, పలమనేరు సార్‌కి. నిన్న సాయంత్రం అక్కావాళ్ళు వచ్చినారు, బావకే చదివి వినిపించినా. ఆయన ఏమీ కంగారు పడలా, పేరు, హోదా, సంస్థ వరకు రాసుకోమను, అంతకుమించి మీ అన్న నన్ను అడగడు, అడిగినా నేను చెప్పను, సోమవారం మా సెక్షన్ ఆఫీసర్‌కి చెప్తా అన్నాడు. పెదనాయన మాత్రం ఇంకా అలిగే ఉండాడు. నాయనకి కూడా చెప్పినాం, పొద్దున వాకింగ్‌లో మా పెద్దోడు అమెరికా మిలిటరీలో అంటూ చెప్పుకోవద్దని, అది ఆయనకి తోట రాయడం కంటే కష్టంగా ఉంది.

లాస్ట్ డౌటు, వాళ్ళు ఇక్కడికి ఎవరినైనా పంపిస్తారా? నిన్న ఒక ఫోన్ వచ్చింది, ఎంబసీ నుంచి, వెరిఫికేషన్, ఆధార్ నంబర్ చెప్పండి అని.

వర్జీనియా_వెంకీ:
ఆ ఫోన్ మోసం, నంబర్ బ్లాక్ చెయ్. వాళ్ళు సాధారణంగా ఇక్కడ అమెరికాలోనే మీ అన్న పాత మేనేజర్లని, ఇంటి పక్కోళ్ళని అడుగుతారు, మీ అన్నతోనే ఎదురుగా కూర్చుని మాట్లాడతారు. ఎవరైనా అమెరికా ప్రభుత్వం అని ఫోన్ చేస్తే ఏమీ చెప్పకుండా పెట్టేసి మీ అన్నకి చెప్పు, ఆయన తన కంపెనీ సెక్యూరిటీ ఆఫీసర్‌ని అడుగుతాడు. ఆధార్ నంబరైతే ఎవరికీ చెప్పొద్దు.